రెండు గంటల వాక్యం

మందుల షాపు షట్టర్ దించి ఇల్లు చేరాక
వంటింటి బల్ల మీద నా ప్రచురణ సంస్థ తెరుచుకుంటుంది.
సంపాదకురాలిని నేనే, ప్రూఫులు దిద్దేదీ నేనే,
జీతం ఎగ్గొట్టేదీ నేనే.
పాత లాప్‌టాప్‌లో 'ఎర్రె' మీట ఊడిపోయింది,
గోరుతో గుచ్చితే గానీ పడదు.
మా భాషలో నదికి మొదటి అక్షరం అదే.

ఫ్రాయ్ బెంతోస్‌లో అచ్చాఫీసంటే ఇప్పుడు
పెళ్లి కార్డులు, లాటరీ చీటీలు, సంతాప ప్రకటనలు.
కథలెవరు వేస్తారు?
మోంతెవీదియో వాళ్ళు ఒకసారి మర్యాదగా జవాబు రాశారు:
"బాగుంది. మీ ఊరు కాస్త ఎక్కువైంది."
అందుకే శుక్రవారం రాత్రి పన్నెండుకి
ఎవరినీ అడక్కుండా లోకంలోకి వదిలేస్తాను.
ఒక్క నొక్కు.
అట్టా లేదు, ఆవిష్కరణ సభా లేదు.
లెక్క చెప్పే గడిలో పదకొండు.
పదకొండు మందిలో ఇద్దరు నేనే,
ఇంటి నుంచి ఒకసారి, షాపు నుంచి ఒకసారి.

ఆ మార్చిలో నాన్న గురించి రాశాను.
ఆయన బాగుచేసిన పడవలు, ఆయన దగ్గు, ఆసుపత్రి వరండా.
చివర్లో చెయ్యి జారి ఒక వాక్యం:
'ఆయన పోయిన రాత్రి నాకు మొదట తెలిసింది ఆకలి.'
రెండింటికి మెలకువొచ్చింది.
చెల్లెలు చదివితే?
చెరిపేశాను.
చెరిపిన చోట మచ్చైనా మిగలదు, ఈ పనిలో ఉన్న సుఖమదే.
నీటి మీద రాత అంటారు గానీ
నీరు నయం, కాసేపు వలయాలైనా తిరుగుతాయి.

మొన్న ఆగస్టు చలిలో
రక్తపోటు మాత్రలకు ఒక ముసలాయన వచ్చాడు.
ఎవరిస్తో బిదార్త్.
మాంసం డబ్బాలకు లేబుళ్ళు కొట్టే యంత్రం మీద
ఫ్యాక్టరీ మూతపడేదాకా పనిచేశాడట.
ఆ ఎర్ర సిరా ఇంకా గోళ్ళ సందుల్లో ఉందని చూపించాడు.
నాకు కనబడలేదు. ఉందన్నాను.

"గ్రిసెల్దా నువ్వే కదూ?
తెర మీద నాకు చూపు నిలవదమ్మా.
మా మనవడిది పెట్రోలు బంకులో రాత్రి డ్యూటీ,
పన్నెండున్నరకల్లా కాగితం మీదకి దించేస్తాడు."

సంచీలోంచి కట్ట తీశాడు.
గాలపు తాడుతో కుట్టిన నూట నలభై ఆరు శుక్రవారాలు.
అట్టకి పాత లేబుల్ కాగితం, ఎద్దు బొమ్మ లోపలికి తిప్పి.
మాతే మరకలు. ఒకచోట ఉల్లిపాయ వాసన.
నా మీట మింగేసిన ప్రతి చోటా
పెన్సిల్‌తో ఒక 'ఎర్రె',
సీసపు అక్షరంలా నిటారుగా.

నా మాటలకు బరువుంటుందని నాకు తెలీదు.
షాపులో పసిపిల్లల్ని తూచే తక్కెడ మీద పెట్టి చూశాను,
మూడు కిలోలకు నూరు గ్రాములు తక్కువ.

మార్చి పుట తీస్తుంటే వేళ్ళు చల్లబడ్డాయి.
ఉంది.
రెండే గంటలు బతికిన వాక్యం,
కింద రెండు గీతలు,
పక్కన చీమల్లాంటి అక్షరాలు:
'నాకూ అంతే. రోసౌరా పోయినప్పుడు.
గుడ్లు వేయించుకుని తిన్నాను. మూడు.'

వెనక వరసలో ఎవరో దగ్గారు, మందు అడిగారు.
నేను ఏ అర చూశానో గుర్తులేదు.

"ఈ ఒక్క పుట ఇస్తారా?" అన్నాను.
"ఇవ్వను. ఇది నా కాపీ."
"రాసినదానికైనా?"
"రాసినవాళ్ళకి అసలివ్వకూడదు. దిద్దేస్తారు."
మాత్రల డబ్బు నాణేలతో సహా లెక్కపెట్టి
కట్టని కోటు లోపలికి దోపుకుని వెళ్ళిపోయాడు.

చెల్లెలికి నేనింకా చెప్పలేదు.
ఆ వాక్యాన్ని తిరిగి తెర మీద పెట్టనూ లేదు.
కానీ ఆ శుక్రవారం, పన్నెండుకి వదిలాక
లాప్‌టాప్ మూసేసి, దీపం తీయకుండా
పన్నెండున్నర దాకా కూర్చున్నాను,
ఊరి చివర బంకులో
కాగితం వెచ్చగా బయటికొచ్చే వేళ దాకా.
తర్వాత లేచి
ఒక గుడ్డు వేయించుకున్నాను.